ఇంటర్వ్యూ గదిలో కంపు

ఇంగ్లండు తీరంలోని మా గ్రిమ్స్‌బీ రేవులో చేపల కంపును ఎవరూ కంపు అనరు. అది కూడు పెట్టే వాసన. కానీ ఆ మధ్యాహ్నం మా స్కూలు ఆఫీసులోకి వచ్చింది చేప కంపు కాదు. తాగి కక్కుకున్నవాడి చొక్కాలో ముక్కిపోయిన వెన్న చుట్టి, మూటగట్టి, హీటరు మీద పెట్టినట్టుంది. తింటున్న చీజ్ శాండ్‌విచ్‌ను డ్రాయర్లోకి తోసేశాను.

ఆ కంపుతోపాటు, ఇంటర్వ్యూకని లినెట్ కత్‌బర్ట్ నవ్వుతూ వచ్చింది.

"పొద్దున ల్యాబ్ అయ్యాక సరాసరి బస్సెక్కేశానండీ. అదృష్టం చూడండి, నా చుట్టుపక్కల సీట్లన్నీ ఖాళీ!"

"అదృష్టవంతులే" అన్నాను, ఊపిరి బిగబట్టి.

నలభై ఆరేళ్ళ మనిషి. ఎప్పుడో జీవశాస్త్రంలో డిగ్రీ చేసి, చేపల ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షించే ఉద్యోగంలో చేరింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక, నది అవతల యూనివర్సిటీలో కెమిస్ట్రీ గ్రాడ్యుయేట్ డిప్లొమాకు చేరింది. వేరే సబ్జెక్టులో డిగ్రీ ఉన్నవాళ్ళకు ఏడాదిలో కెమిస్ట్రీ నూరిపోసే కోర్సు అది. తోటి విద్యార్థులు ఆవిడ కొడుకు ఈడువాళ్ళు. "మమ్మీ, నా కళ్ళద్దాలు చూశావా?" అని ఆవిడనే అడుగుతారట. మా స్కూల్లో కెమిస్ట్రీ ట్రైనీ టీచరు ఖాళీ ఒక్కటే ఉంది. అది రాకపోతే, మళ్ళీ చేపలే.

లోపల హెడ్‌మాస్టర్ టాస్కర్, పాలకవర్గం తరఫున మిసెస్ ఆడ్లింగ్ కూర్చున్నారు. రాసుకోవడానికీ టీ ఇవ్వడానికీ నేను.

మా వాళ్ళలో ఒక జబ్బుంది. ఎదుటి మనిషి దగ్గర కంపు కొడితే చచ్చినా చెప్పరు. ముందు తమనే అనుమానించుకుంటారు. టాస్కర్ బల్ల కింద ఒక బూటు ఎత్తి అడుగు చూసుకున్నాడు, తర్వాత రెండోది. ఆయనకు కుక్క ఉంది, దాని పెంట తొక్కానేమోనని అనుమానం. మిసెస్ ఆడ్లింగ్ పొద్దున పసి మనవణ్ణి ఎత్తుకుందేమో, వాడు పాలు కక్కాడనుకుని మెల్లగా భుజం మీదికి తల వాల్చి వాసన చూసుకుంది. నేనేమో పాలజగ్గును అనుమానించాను.

"గాలి బాగుంది కదూ ఇవాళ" అంటూ టాస్కర్ కిటికీ తెరిచాడు. బయట వాన జల్లు కొడుతోంది.

"చాలా బాగుంది" అంది మిసెస్ ఆడ్లింగ్, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

పొద్దుటి నుంచి అదే గాలి పీల్చి లినెట్ ముక్కు మొద్దుబారిపోయింది. ఆవిడకు కనిపిస్తున్నవి మొహాలే. ఏం చెప్పినా ఎదుటివాళ్ళు మూతి ముడుస్తున్నారు. పిల్లలకు ఆమ్లాల గురించి ఎలా చెప్తావని అడిగితే నాలుగు మాటలు చెప్పి తడబడింది. మళ్ళీ మొదలుపెట్టింది. మిసెస్ ఆడ్లింగ్ రుమాలు నోటికి అదుముకుని మొహం తిప్పేసుకుంది. దాంతో లినెట్ పూర్తిగా ఆగిపోయింది.

"నా వయసు గురించే అయితే మొహం మీదే చెప్పేయండి" అంది. "ఆ చూపులు మాత్రం వద్దు."

"అయ్యో, వయసా! ఛ ఛ!" అని టాస్కర్ ఎర్రబడ్డాడు. కారణం మాత్రం చెప్పలేదు.

ఇక లాభం లేదని నేను పాలజగ్గు ఎత్తి వాసన చూసి, మార్చడానికి లేచాను. లినెట్ నా వంక చూసింది. తర్వాత మళ్ళీ బూటు ఎత్తి పట్టుకున్న టాస్కర్ వంక. ఆ పైన మెల్లగా తన కుడి చేతి మణికట్టు దగ్గరి గుడ్డను ముక్కుకు ఆనించి గట్టిగా పీల్చింది. మొహం పాలిపోయింది.

"పాలు బాగానే ఉన్నాయండీ. నేనే."

మిసెస్ ఆడ్లింగ్ భుజం దించింది. "దేవుడా, నువ్వా తల్లీ! నేను నా మనవడనుకున్నా."

"బ్యూటిరిక్ ఆసిడ్, ముక్కిపోయిన వెన్నలో ఉండేది. దాంతో పొద్దున పైనాపిల్ వాసన తయారుచేశాం. పైనాపిల్ సీసాలో ఉండిపోయింది, ఇది నాతో వచ్చింది" అంటూ లేచి నిలబడింది. "మీ వంటగదిలో బేకింగ్ సోడా ఉందా?"

పరుగున తెచ్చాను. తడిపిన సోడా చొక్కా చేతి మడతకు పట్టించింది. అది బుసబుసమని పొంగింది. "ఆమ్లంగా ఉన్నంతసేపూ అది గాల్లోకి లేచి మీ ముక్కులోకి వస్తుంది. సోడాతో కలిసి ఉప్పుగా మారితే గుడ్డలోనే పడుంటుంది. పిల్లలకు ఇలా చెప్తాను. వాసన మాత్రం చూపించను" అంది. ఈసారి ఒక్క మాటా తడబడలేదు. కాసేపటికి టాస్కర్ ముందుకు వంగి, భయపడుతూ ఆ చేతిని వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"పోయింది!" అన్నాడు, నమ్మలేక.

ఆవిడ వెళ్ళాక టాస్కర్ లేచి కిటికీ మూశాడు.

"ఆవిడకే ఇద్దాం" అంది మిసెస్ ఆడ్లింగ్.

"ఇద్దాం" అన్నాడు టాస్కర్. అంతలోనే మొహం చిట్లించి, ఆవిడ చెయ్యి ఆన్చిన మెత్తటి కుర్చీ దగ్గరికి వంగి, చటుక్కున వెనక్కి దూకాడు. "ఆవిడ చేరేది సెప్టెంబర్‌లో కదా?"

"అవునండీ" అన్నాను.

"అప్పటికైనా దీని కంపు పోతుందంటారా?"

చివరికి ఆ కుర్చీని రెండు వేళ్ళతో పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని, వానలోకి ఈడ్చుకెళ్ళింది నేనే.