ముద్ర పడిన నాటు పాట

సర్కారు కళాబృందంలో నేను పాట పాడతాను, డప్పు కొడతాను. వనపర్తిలో ఆడినా, కొత్తకోటలో ఆడినా పాట ముందు జిల్లా ఆఫీసుకు పోవాలి. అక్కడ పాటలు పాస్ చేసే సారు ఒకాయన ఉండేవాడు. జన్మలో ఒక్క కూనిరాగమైనా తీసిన మనిషి కాదు. చరణానికి రెండుసార్లు సర్కారు పథకం పేరు రాకపోతే కాగితం ముఖాన విసిరికొట్టేవాడు. ఆయన ముద్ర గుద్దితేనే అది పాట.

ఒకసారి కొత్త పాట తెమ్మన్నాడు. నాకేమీ తోచక, మా అమ్మ వరి నాట్లలో కట్టిన పాట రాసిచ్చాను. మా నాయన కూలీలను తోలుకుపోయే మేస్త్రీ లారీ ఎక్కి పుణెకు పోయి, అక్కడ గోడ కూలి మీద పడి చనిపోయాక ఆమె కట్టుకున్నది అది. "మేస్త్రీ లారి వచ్చె, మా ఇంట దీపమారె" అని మొదలవుతుంది.

సారు చదివి మూతి తిప్పాడు. "గీ రోజుల్ల వలసలు యాడున్నయయ్యా? దీపం ఆరుడేంది? వెలగనియ్యి!" అని ఆకుపచ్చ సిరాతో దిద్దాడు. మేస్త్రీ లారి సర్కారు బస్సయింది, మా ఇంట దీపం వెలిగింది. నేను చేతులు కట్టుకొని "మంచిగుంది సార్" అన్నాను.

బల్మూర్‌లో ప్రదర్శన పెట్టారు. సారు ముందు కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ మా ఊరి ఆడవాళ్లతో వచ్చి కింద కూర్చుంది. నాట్లలో ఒకరు సగం పాడి ఆపితే మిగతా సగం వెనకవాళ్లు అందుకోవాలి. అందుకోకపోతే పాడిన మనిషిని అవమానించినట్టే. నేను అలవాటు కొద్దీ "సర్కారు బస్సు వచ్చె" అని ఆపాను.

"మా ఇంట దీపమారె" అని అమ్మ అందుకుంది. ఆమె వెనకే పది గొంతులు లేచాయి.

సారు ముఖం మాడిపోయింది. నేను డప్పు దంచాను. అమ్మ గొంతు ఎవరికీ వినపడకూడదని, చేతులు వాచేదాకా దంచాను.

ఆట అయ్యాక సారు నన్ను పిలిచి, "ఎవరు గా ముసలామె?" అని అడిగాడు. అమ్మ నాకోసం తెచ్చిన జొన్నరొట్టెల మూటతో రెండడుగుల దూరంలోనే నిలబడి ఉంది.

"తెల్వదు సార్," అన్నాను.

సారును తిట్టుకోవడం సులువు, ఇప్పటికీ తిట్టుకుంటాను. కానీ ఆ మాట గుర్తొస్తే నా ముఖాన నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

అమ్మ ఏడవలేదు. మూట నా చేతిలో పెట్టి, "జర తిను బిడ్డా. గా పాట ఇగ నువ్వే పెట్టుకో, నాకొద్దు," అన్నది.

ఆ ఏటి నాట్లలో ఆడవాళ్లు ఎంత అడిగినా ఆమె నోరు విప్పలేదు.