మూడో అంతస్తు చదువు మీద మా అనుమానాలు

ఇది ఒక మహాసంగ్రామ గాథ. ఇందులో పదకొండు మంది వీరులున్నారు. ఎత్తైన కోట ఉంది, ఎవరికీ చూపించని జాబితా ఉంది, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఒక శక్తి ఉంది. చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

గగుర్పొడవదు. కోట అంటే మా స్కూలు మూడో అంతస్తు మీద రేకుల కప్పు వేసిన గది. వీరులంటే ఎనిమిదో తరగతిలో సరిగా చదవలేరని ఏరి పక్కకు తీసిన మేము. ఆ శక్తి స్కూటీ మీద వచ్చేది. హెల్మెట్ తీశాక జుట్టు సర్దుకోవడానికి కాసేపు పట్టేది. వారానికొకసారి పీటీ పీరియడ్‌లో మమ్మల్ని పైకి పిలిచి కథల పుస్తకాలు చదివించారు. జరిగింది అంతే. కాకపోతే అది జరిగినన్నాళ్ళూ మేము దాన్ని ఒక్క ముక్క నమ్మలేదు.

మా స్కూలు మదీనాగూడలో, మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి ఉంటుంది. పేరులో ఇంటర్నేషనల్ ఉంది, ఆటస్థలం లేదు. పీటీ పీరియడ్ అంటే వ్యాన్లు బయటికి పోయాక సెల్లార్‌లో మిగిలే చోటు. అయినా అది మా చోటు. దాన్ని లాక్కుని చదువు చెబుతామంటే ఎవరికైనా అనుమానం వస్తుంది.

ఎంపిక కూడా అనుమానంగానే జరిగింది. ప్రిన్సిపల్ మేడమ్ గదికి ఒక్కొక్కరినే పిలిచారు. లోపల మెడలో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఐడీ కార్డు వేసుకున్న ఒక అక్క కూర్చుని ఉంది. ఒక ఇంగ్లీషు పుస్తకం ఇచ్చి ఒక పేజీ చదవమంది. నేను టీవీలో వార్తలు చదివేవాళ్ళ స్పీడులో, చివర్లో కాస్త గొంతు పెంచి మరీ చదివాను.

“బాగా చదివావు. కథలో ఏం జరిగింది?” అని అడిగింది.

“అది కూడా చూడాలాండి?” అన్నాను.

నా పేరు రాసుకుంది.

మా ఏరియాలో ఉచితంగా వచ్చేది ఏదీ ఒంటరిగా రాదు. ఉచిత కంటి పరీక్ష వెనక కళ్ళజోడు వస్తుంది. ఉచిత బస్సు, ఉచిత బిర్యానీ వెనక ఊరవతల ఎక్కడో ఒక ప్లాటు వస్తుంది. మా అమ్మానాన్నలు ఆ బస్సెక్కి, ఆ బిర్యానీ తిని, ప్లాటు కొనకుండా తిరిగొచ్చిన అనుభవజ్ఞులు. నాన్నకి కర్రీ పాయింట్ ఉంది, అమ్మ అక్కడే కూరలు ప్యాక్ చేస్తూ నా మాట వింది.

“దీనికి ఫీజు ఎంతంట?” అంది.

“ఫీజు లేదంటమ్మా.”

సాంబారు కవరుకి ముడి వేస్తూ, “అయితే ఇంకాస్త జాగ్రత్తగా ఉండు,” అంది.

అనుమానాల్లో మాకు ఒక నాయకుడుండేవాడు. మా క్లాసులోనే వెనక బెంచీ వాడు, ఆ పదకొండు మందిలో వాడూ ఒకడు. వాళ్ళన్న గచ్చిబౌలిలో ఒక కంపెనీకి నైట్ షిఫ్ట్ క్యాబులు పంపే డెస్కులో పని చేసేవాడు. కాబట్టి ఐటీ రంగం మీద మా క్లాసులో ఆఖరి మాట వీడిదే.

“సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆవిడ, పట్టపగలు మన దగ్గరికొచ్చి కుందేలు కథ ఎందుకు వింటుందిరా?” అని వాడినే అడిగాను.

“ఆమె బెంచ్ మీదున్నది,” అన్నాడు. “అంటే ప్రాజెక్ట్ లేదన్నట్టు. పని లేనోళ్లను గిట్ల తోలుతరు.”

“మరి ఫోను టేబుల్ మీద పెట్టుకుని కూర్చుంటుందేం?”

“మన గొంతులు రికార్డ్ జేసి కంప్యూటర్‌కు చదువుడు నేర్పిస్తరు.”

“మనకే రాదు కదా. మన దగ్గర అదేం నేర్చుకుంటుంది?”

“ఎట్ల చదవొద్దో నేర్చుకుంటది.”

ఇది విన్నాక కొన్ని వారాలు మాలో కొందరు నోరు సగమే తెరిచి చదివారు. అక్క ఆ ఫోనులో టైము తప్ప ఇంకేమీ చూసుకోగా నేను చూడలేదు. అయితే టైము ఎందుకు చూసుకుంటోందన్నది మళ్ళీ వేరే అనుమానం.

వీటన్నిటికంటే గట్టిగా నిలబడిన అనుమానం టీసీ. మా స్కూలు గేటు మీద పదో తరగతి ఫలితాల ఫ్లెక్సీ ఏడాది పొడవునా ఉంటుంది. అందరూ పాసే. అందరూ ఎలా పాసవుతారో మాకు తెలుసు. పాసవరనిపించిన పిల్లల తల్లిదండ్రుల్ని ముందే పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, “మీ పాపకి వేరే స్కూలైతే బాగుంటుందేమో ఆలోచించండి” అంటారు. వాళ్ళు ఆలోచించేలోపే టీసీ చేతిలో ఉంటుంది. అలా పోయినవాళ్ళని మేము చూశాం. ఇప్పుడు చదవలేని పదకొండు మందిని విడిగా ఒక గదిలో పెట్టారంటే, మాకు అర్థమైంది ఒక్కటే: జాబితా తయారైంది, ముహూర్తమే తేలాలి.

నాకు పెద్ద దిగులు లేదు. నన్ను పంపేస్తే నాన్న రెండు రోజులు తిట్టి మూడో రోజు కూకట్‌పల్లిలో ఇంకో ఇంటర్నేషనల్‌లో చేర్చేవాడు. దిగులంతా నా బెంచీలో నా పక్కన కూర్చునే పిల్లది. వాళ్ళది వికారాబాద్ వైపు. వాళ్ళ నాన్న అపార్టుమెంట్లలో లిఫ్టులు బాగుచేసే పనికి వెళ్ళేవాడు. కరోనా వచ్చి క్లాసులు ఫోన్లలోకి వెళ్ళినప్పుడు ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది నాన్న జేబులో డ్యూటీకి పోయేది. స్కూళ్ళు మళ్ళీ తెరిచేసరికి ఆమె రెండు తరగతులు పైకెళ్ళింది, అక్షరాలు రెండు తరగతులు కిందే ఉండిపోయాయి. ఇంగ్లీషు సంగతి వదిలేయండి, తెలుగులో కూడా వత్తులు కనపడితే ఆగిపోయేది.

ఇది ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఆమె చెవి. ఏదైనా ఒక్కసారి వింటే పట్టేసేది. పొద్దున ప్రేయర్‌కి ముందు నేను పాఠం చదివి వినిపిస్తే, మూడో పీరియడ్‌లో లేచి పుస్తకం పట్టుకుని ధారాళంగా చదివేది. సరైన చోట పేజీ కూడా తిప్పేది. తిప్పాలని నేను మోచేత్తో పొడిచేదాన్ని. టీచర్లు మెచ్చుకునేవాళ్ళు. అక్క పెట్టిన పరీక్షలో మాత్రం పొడవడానికి నేను పక్కన లేను.

మూడో అంతస్తులో ఆమెకు మళ్ళీ దారి దొరికింది. అక్క ముందు ఒక పేజీ తను చదివి, తర్వాత మా చేత చదివించేది.

“గామె ముందుగాల చదువుతది గదా,” అంది నాతో. “జర చెవి పెడితే అయిపాయె.”

అలా కొన్నాళ్ళు హాయిగా నడిచింది. ఒక వారం అక్కకి గొంతు పోయింది. మీరే మొదలుపెట్టండని సైగ చేసి, పుస్తకం మా పిల్ల చేతికే ఇచ్చింది. ఆమె లేచింది. పుస్తకం చక్కగా పట్టుకుంది. పేజీ వంక చూసింది. చూస్తూనే ఉంది.

“దీనికీ గొంతు పోయిందక్కా,” అన్నాను నేను.

అందరూ నవ్వారు, అక్క నవ్వలేదు. పుస్తకం తీసుకుని పక్కవాడికిచ్చింది, అంతే. పై వారం మాత్రం ఒక సన్నటి తెలుగు పుస్తకం తెచ్చింది. పేజీకి రెండే వాక్యాలు, అక్షరాలు ఇంతేసి. మా పిల్లని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, మాకేదో పని చెప్పి, ఆమె పక్కన తను కూర్చుంది. ముందుగా చదివి వినిపించలేదు.

దిగేటప్పుడు మెట్ల మీద మా నాయకుడు తీర్పు చెప్పాడు. “సెపరేట్ జేసిన్రంటే లిస్టుల ఫస్టు పేరు నీదే.”

తర్వాతి వారం ఆమెకు కడుపునొప్పి వచ్చింది. ఆ పై వారం అమ్మమ్మ చనిపోయింది. ఆ అమ్మమ్మ అంతకుముందు దసరాకి కూడా చనిపోయిందని నేను గుర్తు చేశాను. ఇక చేసేది లేక పైకి వచ్చింది.

ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు, కిటికీ దగ్గర వాళ్ళు మెల్లగా మాట్లాడుకునేవాళ్ళు. కానీ ఇంటికి నడిచే దారిలో తేడా కనపడింది. మా సందు నిండా లేడీస్ హాస్టళ్ళు. ఒక గేటు ముందు ఆమె ఆగిపోయింది. వేలు పైకెత్తి గాల్లో గీస్తూ, “మూ... డు... పూ... టలా...” అంది. అక్కడే చాలాసేపు నిలబడి ‘భోజనం’ దాకా వచ్చింది. లోపల నుంచి హాస్టల్ ఆంటీ తొంగి చూసింది.

“ఏమ్మా, రూమ్ కావాల్నా?”

“వద్దాంటీ. చదువుతున్న.”

“ఏం చదువుతున్నవ్?”

“మీ బోర్డు.”

ఆంటీ లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఆ రోజు నుంచి మేము ఇళ్ళు చేరడం ఆలస్యమైపోయింది. కిరాయి బోర్డులు, నీళ్ళ ట్యాంకర్ల మీద రాతలు, చెత్త వేయరాదని గోడ మీద రాసిన హెచ్చరిక, అన్నీ చదవాల్సిందే. వత్తు దగ్గర నేను అందిస్తే కోప్పడేది. “నువ్ చెప్పకే. చెప్తే గుర్తుండిపోతది.”

సంక్రాంతి సెలవులయ్యాక ప్రిన్సిపల్ మేడమ్ పైకి వచ్చారు. ఈ క్లాసు నడిపించేవాళ్ళ దగ్గర నుంచి ఒక సారు వస్తున్నారని, మా అభిప్రాయాలు అడుగుతారని, దాన్ని బట్టి ముందు సంగతి చూస్తారని చెప్పారు. క్లాసు సాగేదీ ఆగేదీ అప్పుడే తేలుతుందని మేము అర్థం చేసుకున్నాం. మా స్కూల్లో అభిప్రాయం అడగడం అదే మొదలు. అందుకే మేడమ్ మాకు అభిప్రాయం నేర్పించారు.

“క్లాసు ఎలా ఉంది?”

“చాలా బాగుంది సార్,” అన్నాం పదకొండు మంది, ఒకే రాగంలో.

“చదవడం వచ్చిందా?”

“వచ్చేసింది సార్.”

మేడమ్ సంతోషంగా దిగి వెళ్ళిపోయారు. మా పిల్ల మాత్రం బెంచీ మీద నుంచి లేవలేదు.

“వచ్చేసిందంటే క్లాస్ బంద్ జేస్తరు,” అంది. “వచ్చినంక ఇగ ఎందుకు నడుపుతరు? రాలేదంటే మేడమ్ ముంగట దొరికిపోత, టీసీ ఇస్తరు. ఏం జెప్పాలె?”

నేను ఎప్పటిలాగే తెలివిగా ఆలోచించాను. “మధ్యస్థంగా చెప్పు. సగం వచ్చిందను.”

“సగమంటే టీసీ సగం చింపి ఇస్తరా?”

మొదటిసారి నా జోకు నా మీదే వేసినట్టయింది.

సారు వచ్చారు. నీలం చొక్కా, ఒళ్ళో ల్యాప్‌టాప్. పిల్లల కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. మేడమ్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. అక్క గోడవారన ఉంది. నేర్చుకున్న రెండు అభిప్రాయాలూ బ్రహ్మాండంగా అప్పజెప్పాం. సారు టైప్ చేసుకుని, నేర్పించని ప్రశ్న వేశారు.

“ఇందులో మీకు నచ్చనిది ఏంటి?”

అందరూ మేడమ్ వంక చూశారు. మేడమ్ కళ్ళతో వద్దన్నారు. మా నాయకుడు షూ లేసు కట్టుకోవడానికి వంగి, కట్టిన లేసు విప్పి మళ్ళీ కట్టాడు. నిశ్శబ్దం నాకు పడదు కాబట్టి లేచాను.

“పీటీ పీరియడ్ పోయిందండి. అదొక్కటే.”

సారు నవ్వారు. గండం గడిచిందనుకుని కూర్చోబోతుంటే పక్కన బెంచీ కదిలింది. మా పిల్ల నిలబడి ఉంది.

“నాకింకా చదవనీకి రాదు సార్,” అంది. “వచ్చేసిందని అందరితోని అన్న గానీ, రాలె. అక్క వచ్చినంక గింత వస్తున్నది. బంద్ జేయకున్రి.”

మేడమ్ ముఖం మీద చిరునవ్వు అలాగే ఉంది, కాకపోతే తీయడం మర్చిపోయినట్టుంది.

“ఎంత వస్తుందో చదువుతావా?” అన్నారు సారు.

ఆమె సన్నటి పుస్తకం తీసింది. ముందు పేజీలు దాటేసి, ఇంకా చదవని చోట తెరిచింది. అది విన్నది కాదని నాకు తెలుసు. వేలు పెట్టింది. ‘చెరువు గట్టు మీద కొంగ నిల్చుంది’ అన్న ఒక్క వాక్యం. గట్టు దగ్గర ఆగింది. నా మోచెయ్యి అలవాటుగా లేచింది, దాన్ని ఇంకో చేత్తో పట్టుకున్నాను. ‘గ... టు... కాదు, గట్టు’ అని తనే దిద్దుకుంది. నిల్చుంది దగ్గర ఇంకోసారి ఆగింది. ఆ కొంగ నిలబడేసరికి మా అందరి కాళ్ళూ నొప్పులు పుట్టాయి. కానీ నిలబడింది.

“థాంక్యూ. కూర్చోమ్మా,” అని సారు చాలాసేపు ఏదో టైప్ చేశారు. అది ఆమె పేరేనని పదకొండు మందిమీ అనుకున్నాం.

“ఇంకొక్క ప్రశ్న,” అన్నారు తలెత్తి. “క్లాసు బుధవారం బాగుందా, శుక్రవారమైతే బాగుంటుందా?”

దీనికీ ప్రాక్టీసు లేదు. ఒకరినొకరు చూసుకుని, “రెండూ చాలా బాగున్నాయి సార్,” అన్నాం.

ఆయన వెళ్ళాక మెట్ల మీద మా పిల్ల మేడమ్‌కి అడ్డంగా నిలబడి అడిగేసింది. “మేడమ్, నాకు టీసీ ఇస్తరా?”

“టీసీ ఏంటి? ఎవరు చెప్పారు నీకు?” అన్నారు మేడమ్. మేమంతా మా నాయకుడి వైపు చూశాం. వాడు పైకప్పు రేకులు చూస్తున్నాడు. “ఈ క్లాసుకీ దానికీ ఏం సంబంధం లేదు. వెళ్ళి క్లాసులో కూర్చోండి.”

ఈ క్లాసుకీ దానికీ, అన్నారు. అంటే అదంటూ ఒకటి ఉంది. టీసీ ఇవ్వబోమని మాత్రం అనలేదు. కిందకి దిగుతూ ఈ మాటే నా పక్కదానికి చెప్పాను.

“ఇయ్యనీ,” అంది. “ఇస్తే అందుల ఏం రాసిన్రో నేనే చదువుకుంట.”

ఆ ఏడాది మాలో ఎవరికీ టీసీ రాలేదు. క్లాసు కూడా ఆగలేదు. పరీక్షల దాకా గది ఇస్తామని స్కూలు మొదట్లోనే ఒప్పుకుందట, ఆపే ఆలోచన ఎవరికీ లేదట. సారు వచ్చింది రోజు మార్చడం గురించి కనుక్కోవడానికి. ఆ తర్వాత మా బుధవారం క్లాసు శుక్రవారానికి మారింది. శుక్రవారాలు చాలా కంపెనీలకు ఇంటి నుంచే పని కాబట్టి అక్క స్కూటీ వచ్చే దారిలో కొత్తగూడ జంక్షన్ దగ్గర రోడ్డు కాస్త ఖాళీగా ఉంటుంది.