గోదారికి చెప్పిన పాసు

గోదారి మధ్యనున్న మా లంకలో పాస్ అనే మాట చాలా పనులు చేసేది. సాయంత్రాలు రేవులో వేరుశెనక్కాయలు అమ్మే ఆవిడ "టైంపాసండీ, టైంపాస్" అని కేకేసేది. పంచాయతీలో రోడ్డు బిల్లు ఎప్పటికీ పాసయ్యేది కాదు. భూమి ఉన్నవాళ్ల బీరువాల్లో పాసు పుస్తకాలుండేవి. కౌలుకి అరటి వేసే మా నాన్నకి అది లేదు. నా దగ్గర మాత్రం బస్ పాస్ ఉండేది. రేవు దాటి రాజమండ్రి కాలేజీకి దాంతోనే వెళ్లొచ్చేదాన్ని.

డిగ్రీ ఫలితాలొచ్చిన రోజు, నోటీసు బోర్డు మీద నా నంబరు కనబడగానే వెళ్లి కాజాలు కొన్నాను. మా ఇంటావంటా పదో తరగతి దాటినవాళ్లు లేరు. ఈ కబురు అందరికంటే ముందు నాన్న వినాలి, అదీ నా నోటితోనే. అదే నా పంతం.

బస్సులో కండక్టరు "టికెట్?" అన్నాడు.

"పాసండీ!" అన్నాను, కాస్త గట్టిగానే.

"తెలుసమ్మా, రోజూ పాసేగా" అంటూ ముందుకెళ్లిపోయాడు.

పడవలో అలా తప్పించుకోవడం కుదరలేదు. మా వీధిలో ఉండే పిన్ని నా చేతిలో పొట్లం చూసేసింది.

"ఏంటమ్మాయ్, పాకం కారుతోంది?"

"కాజాలు పిన్నీ."

"ఊరికే కొంటావేంటి? ఏదో ఉంది, చెప్పవే."

"ముందు నాన్నకి చెప్పాలి."

"అయితే పెళ్లి కుదుర్చుకొచ్చేసిందర్రా!"

పడవంతా నవ్వింది. నేను పొట్లం ఒళ్లో దాచుకున్నాను.

అవతలి రేవులో నాన్న అరటి గెలలు దించుకుని పడవ కోసం చూస్తున్నారు. పొట్లం చూశారు, నా మొహం చూశారు. నేను నోరు తెరిచేలోపే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగమ్మా. ముందు గోదారమ్మకి."

ఆ సంగతే మర్చిపోయాను. మా లంకలో తొలి గెల కోసినా, బిడ్డ పుట్టినా ముందు నీళ్లకి చెప్పాకే మనుషులకి. ఆవిడ మేట వేసిన మట్టి మీదే మా బతుకు.

మోకాళ్ల లోతుకి దిగి, కాజా ముక్క నీళ్లలో వదిలాను.

"గోదారమ్మా, డిగ్రీ పాసయ్యాను" అన్నాను మెల్లగా.

"వినపళ్లేదే!" అంది వెనకనుంచి పిన్ని.

ఈసారి అరిచాను. రేవంతా వింది. వెనక్కి తిరిగితే నాన్న తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటున్నారు.

"ఊఁ, ఇప్పుడు నాకు చెప్పు" అన్నారు, ఏమీ విననట్టే.

"పాసయ్యాను నాన్నా."

"ఏం పాసయ్యావు?"

"డిగ్రీ."

"మళ్లీ చెప్పు."