వంటమ్మ అడిగిన గది

అమీర్‌పేటలో మా లేడీస్ హాస్టల్ వంటమ్మది విశాఖ సముద్రతీరం. కిటికీ లేని వంటగదిలోంచి మాటిమాటికీ గుమ్మంలోకొచ్చి తడి అరచెయ్యి చాపేది. "ఏ గాలో సూత్తన్నానమ్మా," అనేది. ఎదురుగా మూడడుగుల్లో పక్క హాస్టల్ గోడ.

ఓరోజు అమ్మ వీడియో కాల్‌లో విశాఖ బీచ్ పక్కన మేం కొన్న ఫ్లాట్ చూపిస్తుంటే ఆమెనూ పిలిచాను. బాల్కనీ కింద ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు, కార్లు.

"మా జాలరిపేట అక్కడే ఉండీది," అంది ఫోన్ పట్టుకుని. "ముసిలితనంలో అక్కడికే పోవాలనుంది. మాలాంటోళ్లకి ఓ గది దొరుకుద్దేటమ్మా?"

అమ్మ నవ్వేసింది. "ఇక్కడ మా పనమ్మాయే రెండు బస్సులు మారి వస్తుందండీ!"

వంటమ్మ ఫోన్ నా చేతికిచ్చి, "మీ అమ్మ తిన్నాదో లేదో అడుగమ్మా," అంటూ లోపలికి వెళ్లిపోయింది. ఆమె వెనకాలే వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు.