కడ్డీ కాడ కాపలా

మా బోరు కాడ స్టార్టరు డబ్బాను చూస్తేనే నాకు వణుకు పుట్టేది. డబ్బాలోకి పోయే తీగ మీద తొడుగు ఊడిపోయింది. ఇనప డబ్బాను ముట్టుకుంటే జివ్వుమనేది. నాయన పచ్చ బటన్‌ను ఎండిన కందికట్టెతో నొక్కేవాడు. తీగ ఎప్పుడు మారుస్తావంటే "రేపు చూద్దాంలే" అనేవాడు. ఆ రేపు ఉగాది దాటింది, ఎండాకాలమూ దాటింది. కొత్త తీగ చుట్ట మాత్రం గోడ మేకుకు వేలాడుతూనే ఉంది.

ఇక వాన పడితే డబ్బా కింద నేల తడుస్తుంది. పక్క ఊళ్లో ఒకాయన అలా తడినేల మీద నిలబడి బటన్ నొక్కి, షాక్ కొట్టి పోయాడు. ఆయన్ని మంచం మీద మోసుకురావడం చూశాను. అప్పటి నుంచి నాయన మోటారు వేయడానికి పోతే, తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగేది కాదు.

ఒకరోజు పడమటి దిక్కు మబ్బు పట్టింది. నాకు ఒళ్లు మండిపోయి కందికట్టెను పొయ్యిలో పెట్టేశాను.

"కట్టె యాడుండాది పాపా?"

"కాలిపోయింది. తీగ మార్చేదాకా మోటారు వెయ్యొద్దు నాయనా."

ఊళ్లో కందికట్టెలకేం కరువు? కానీ నాయన ఇంకో కట్టె వెతకలేదు. నా ముఖం చూసి, తీగ చుట్ట దించాడు. "పా. నువ్వు ట్రాన్స్‌ఫారం కాడ నిలబడల్ల" అన్నాడు.

ఆ ట్రాన్స్‌ఫారం మీద ఆరేడు బోర్లు నడుస్తాయి. దాని కడ్డీ కిందికి లాగితే అన్నింటికీ కరెంటు తెగుతుంది. మా ముదిగుబ్బ పల్లెల్లో లైన్‌మన్ కోసం కాచుకునే ఓపిక ఎవరికీ లేదు, కడ్డీ దించేదీ ఎత్తేదీ రైతులే. నాయన కడ్డీ దించి, "నేను వచ్చి చెప్పేదాకా ఎవురినీ ముట్టనీయొద్దు" అని చెప్పి దిబ్బ అవతలికి పోయాడు. ట్రాన్స్‌ఫారం కాడ నుంచి మా బోరు కనపడదు.

నేను కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాను. నాకు మామూలుగా ఏ పని మీదా మనసు నిలవదు. పాలు పొయ్యి మీద పెట్టి వీధిలోకి పోయే రకం. ఆ రోజు చెమట కళ్లలోకి కారినా తుడుచుకోలేదు.

పక్క పొలం చిన్నాయన విసవిసా వచ్చాడు. "జరుగు పాపా, నా టమోటా వాడిపోతాండాది."

"మా నాయన రావల్ల చిన్నాయనా."

అంతలో దిబ్బ అవతల నుంచి నాయన అరుపు వినిపించింది.

"అదిగో, అయిపోయిందని అరుస్తాండాడు. ఇనపడలేదా?" చిన్నాయన కడ్డీ మీద చెయ్యి వేశాడు. అయిపోయిందేమో, చిన్నాయన మాట కాదంటే ఏమనుకుంటాడో అని ఒక్క క్షణం అనిపించింది. అయినా కడ్డీకి అడ్డంగా నిలబడిపోయాను. "నన్ను కొట్టినా జరగను" అన్నాను. ఆయన నన్నూ, నా చదువునూ కలిపి తిట్టాడు.

చాలాసేపటికి నాయన వచ్చాడు. ఆ అరుపు, చేలో పడిన గొర్రెలను తోలడానికట. అప్పుడు ఆయన రెండు చేతుల్లోనూ తీగ కొసలే ఉన్నాయట. అది విని చిన్నాయన అక్కడే చతికిలపడ్డాడు. నాయనే కడ్డీ ఎత్తాడు.

ఇంటికి వచ్చే దారిలో నాయన అన్నాడు: "ఇన్నాళ్లూ రేపు రేపని ఎందుకు జరిపినాననుకుంటాండావు? కడ్డీ కాడ నిలబెట్టేదానికి నువ్వు తప్ప ఎవురుండారు? నీకా, మతి ఒకచోట ఉండదు. నాకు భయమయ్యింది."

"మరి ఈపొద్దు?"

"కట్టె కాల్చినావు గదా. నీ భయం నా భయం కంటే పెద్దదిగా ఉండాదే, ఇంక కడ్డీ ఇడిచి పోవులే అనుకుంటి."

మరుసటి రోజు కరెంటు వచ్చినప్పుడు నాయన కట్టె లేకుండా వేలితోనే పచ్చ బటన్ నొక్కాడు. పక్కనే నిలబడి, ఆయన చెయ్యి వెనక్కి తీసుకునేదాకా నేను రెప్ప వేయలేదు.