సాలు చూడని లెక్క

జూలూరుపాడు అవతలి తండాలో పూలి మాటకు ఎదురు చెప్పినవాళ్లు ఉన్నారు. రెండోసారి చెప్పినవాళ్లు లేరు. ముప్పై ఏళ్లుగా మిరపకాయలు ఏరే ఆడకూలీల గుంపుకు ఆమే మేస్త్రి. చదువు రెండో తరగతి. పలక పగలగొట్టిన పంతులు తప్పు ఒప్పుకోలేదని, ఆ రోజే బడి మానేసింది.

ఆమె గుంపులో ఒక పద్ధతి ఉంది. పొద్దున చేలోకి దిగగానే పుల్లలు తీసి సాళ్లు పంచుకుంటారు. ఒకరికి ఎర్రగా విరగకాసిన సాలు పడుతుంది, ఇంకొకరికి బొబ్బర తెగులుతో ముడుచుకుపోయిన సాలు. కూలి మాత్రం తట్టల లెక్కనే. అందుకని మధ్యాహ్నం పూలి ప్రతి సాలు వెంటా నడిచి, చెట్టు చెట్టూ చూసి, నిండు సాలు వాళ్ల తట్టల్లోంచి తీసి బక్క సాలుకు కలుపుతుంది. ఆ తీర్పు మీద ఇంతవరకూ ఎవరూ నోరెత్తలేదు.

చదువుకుంటూనే ఆ గుంపులో కాయలు ఏరే ఆమె మనవరాలు సంగీత సర్కారు నౌకరి పరీక్ష రాసింది. ఖమ్మంలో, పొద్దటి షిఫ్టు. ఎనభై నాలుగు మార్కులొచ్చాయి. అదే గుంపులో ఏరే పక్కింటి సోమమ్మ కొడుకు చందర్ అదే పరీక్షను మధ్యాహ్నం షిఫ్టులో, వేరే పేపరుతో రాశాడు. డెబ్బై తొమ్మిది. తీరా జాబితా వచ్చేసరికి సంగీతవి ఎనభై పాయింట్ ఆరు, చందర్‌వి ఎనభై ఒకటి పాయింట్ రెండు. నౌకరి ఎనభై ఒకటి దగ్గర ఆగిపోయింది.

సంగీత వాకిట్లో కూర్చుని అర్జీ రాస్తుంటే పూలి వచ్చి నిలబడింది.

"ఎవడు కోసిండే నీ మార్కులు?"

"కోసుడు కాదు నాయనమ్మా, నార్మలైజేషన్ అంటరు. రెండు పేపర్లు ఒక్క తీరు ఉండవు గదా. మా షిఫ్టుల అందరికీ మార్కులు ఎక్కువొచ్చినయి. అంటే పేపరు అల్కగున్నదని తగ్గించిండ్రు."

"పేపరు అల్కగున్నదో, మీరు బాగ చదివిండ్రో, వాళ్లకెట్ల ఎరుక?"

సంగీత దగ్గర సూత్రం ఉంది. సూత్రంలో ఈ ప్రశ్నకు చోటు లేదు.

అంతలో సోమమ్మ, చందర్ లడ్డూల డబ్బాతో వచ్చారు. పూలి ఒకటి తీసుకుని రెండుగా విరిచి, ఒక సగం తిరిగి డబ్బాలో పెట్టింది.

"నాకు పెద్దది వచ్చింది. చిన్నది వచ్చినోళ్లకు కలుపుర్రి."

చందర్ చెడ్డవాడేమీ కాదు. నౌకరి వచ్చినవాడికి వచ్చే ఓపిక అతనికీ అప్పుడే వచ్చింది. "అవ్వా, నువ్వు చేసేది గదే గదా. బక్క సాలుకు తట్టలు కలుపుతవు. మా పేపరు బక్క సాలు. గంతే."

సంగీత కలానికి మూత పెట్టేసింది. "అవ్, అన్న చెప్పింది నిజమే" అంటూ అర్జీని మడవసాగింది.

జవాబు పూలి దగ్గర ఉంది. కాని అది బయటికి రావాలంటే ముందు పరువు పోవాలి. నిరుడు జరిగిన ఆ సంగతి ఆమెకూ, చేను గల ఆదినారాయణకూ తప్ప మూడో మనిషికి తెలియదు. తెలియకూడదనే ఆమె ఒక పూటంతా ఒక్కతే వంగి, ఒక సాలు మొత్తం ఏరింది.

"మడవకే" అంది. లడ్డూ సగం పక్కన పెట్టింది.

"నిరుడు నాకు జ్వరమొచ్చిన నాడు గట్టు మీద కూసున్న. సాళ్ల వెంట తిరగలే. తట్టలు చూసి లెక్క చెప్పిన. చందరూ, మీ అమ్మ తట్ట సగమే ఉండె. సాలు బక్కదనుకోని సంగీత తట్టలల్లకెళ్లి రెండు తీసి మీ అమ్మకు కలిపిన. తెల్లారి పోయి చూస్తే ఆ సాలు ఎర్రగ మండుతున్నది. మీ అమ్మ పొద్దంత ఫోన్ల ముచ్చట పెట్టింది."

"ఆ రోజు మా అక్క చేసింది ఫోను" అని సోమమ్మ గొణిగింది.

"నువ్వు చదవలేదని అంటలేను బిడ్డా. మీది బక్క సాలే కావొచ్చు. గని సాలు ఎవరు చూసిండ్రు? తట్టలు చూసి సాలు ఎట్లున్నదో చెప్పేటోడు గట్టు మీద కూసున్నోడే. నేను కూసున్న, నాకు తెల్వదా?"

చందర్ డబ్బా మూత పెట్టాడు. "నేనేం అడుక్కోలే గదా అవ్వా" అన్నాడు మెల్లగా.

"నువ్వు అడగలే. మీ అమ్మ కూడ అడగలే."

సంగీత కలం మూత తీసి, ఆ మాటను మర్యాదగల తెలుగులోకి మార్చి అర్జీలో రాసింది. ఇరవై రోజులకు జవాబు వచ్చింది, రెండు వాక్యాలు. మీ అభ్యర్థన పరిశీలించాము. మార్కుల సర్దుబాటు సూత్రం ప్రకారమే జరిగింది.

"సాలు చూసిండ్రటనా?" అంది పూలి.

"అది రాయలే."

"చూస్తే రాస్తుండె."

ఆ ఏటి కోతకు సంగీత మళ్లీ చేలోకి దిగింది, నడుముకు కొంగు చుట్టుకుని, గట్టు మీద పుస్తకం పెట్టుకుని. మొదటి రోజు సాయంత్రం పూలి గుంపంతా చూస్తుండగా తన తట్టలు రెండు తీసి మనవరాలి వైపు పెట్టింది.

"నిరుటివి ఇప్పుడెందుకు నాయనమ్మా?"

"సర్కారుకు సూత్రమున్నది, దానికి సిగ్గు లేకున్నా నడుస్తది. నాకు సూత్రం లేదు గదనే."