పసుపు డాక్టరమ్మ

మా పక్కింటాయన కారు రోజూ పొద్దున్నే మూలుగుతుంది. తాళం తిప్పగానే అందుకోదు. కర్ర్... కర్ర్... అని ఈడ్చి ఈడ్చి, ఇక అయిపోయిందిరా అనుకున్నప్పుడు ఉలిక్కిపడి లేస్తుంది. కడపలో నాకు బాడుగ కార్లున్నాయి. ఒంటిమిట్టకు యాత్రికులను తిప్పుతుంటాను. అందుకని ఆ చప్పుడు వింటే బ్యాటరీయా, సెల్ఫ్ మోటారా, వదులైన వైరా అని మనసు దానంతటదే ఆరా తీస్తుంది. ఈ మధ్య మాత్రం ఆ చప్పుడుకు ముందుగా సిగ్గు ముంచుకొస్తోంది. దుప్పటి ముఖం మీదికి లాక్కుంటున్నాను. ఈ సిగ్గు నాకు నేర్పిపోయింది సరోజమ్మ మేడం.

ఆమె పశువుల డాక్టరు. ఓర్వకల్లు చుట్టుపక్కల పల్లెల్లో పనిచేసేది. అప్పట్లో నేను ఆమె సొంత కారుకు డ్రైవర్ని. పొట్టి మనిషి. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఎంత పొగరుబోతు ఎద్దు దగ్గరికైనా నేరుగా వెళ్ళిపోయేది. కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది. పశువు దగ్గరికి వెళ్ళాక ఆ కోపం ఏమయ్యేదో తెలియదు. చెయ్యి వేయక ముందు రైతును నిలబెట్టి అడిగేది: "ఎప్పటి నుంచి ఇట్లుండాది? ముందురోజు ఏం తినింది? కొత్తగా ఏం చేసినారు?" రైతులు విసుక్కునేవాళ్ళు. సూది వేసి పంపక ఈ పురాణమంతా ఎందుకని నాకూ అనిపించేది. "నోరు లేని దానికి ఇంటోళ్ళే నోరప్పా. వాళ్ళను అడక్కుండా సూదేస్తే దెబ్బ తగిలిన కాడ కాకుండా ఇంకోకాడ కట్టు కట్టినట్టు" అనేది.

ఒక దసరాకు ముందు కర్నూలులో మస్తాన్ షాపులో కారుకు కొత్త బ్యాటరీ వేయించాం. మస్తాన్ మాట తక్కువ, పని శుభ్రం. మా వైపు ఆటోలు, జీపులు అన్నీ అతని దగ్గరికే వెళ్ళేవి. ఆయుధపూజనాడు మేడం తలంటుకుని వచ్చి, కారుకు తానే పూజ చేసింది. చక్రాల కింద నిమ్మకాయలు, ముందు గుమ్మడికాయ, బానెట్ మీద బంతిపూలు అందరూ చేసేవే. కానీ ఆమె పని ఏదైనా పైపైన ఉండదు కదా! స్పానరు అడిగి తీసుకుని, బ్యాటరీకి వైర్లు పట్టే బిగింపులు ఊడదీసి, వాటి కింది రెండు సీసపు గుబ్బలకూ ముత్తయిదువ పాదాలకు పూసినట్టు చిక్కగా పసుపు పూసి, కుంకుమ పెట్టి, బిగింపులు మళ్ళీ తొడిగింది. పక్కనే నిలబడి నేనూ దండం పెట్టుకున్నాను.

కొన్నాళ్ళకు కారు బద్ధకించడం మొదలుపెట్టింది. ఒక రోజు ఒక పల్లె నుంచి కబురొచ్చింది. బర్రెకు దూడ అడ్డం తిరిగిందట. నేను తాళం తిప్పితే కారు మూలిగి మూలిగి మొరాయించింది. వీధిలో వాళ్ళను బతిమాలి తోయించి, లేపి, పరుగెత్తించాం. బర్రె బతికింది, దూడ దక్కలేదు. ఆ ఇంటావిడ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. చేతులు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు ఇచ్చింది. తిరిగొస్తూ మేడం కారును నేరుగా కర్నూలుకు పోనిమ్మంది. మస్తాన్ షాపు ముందు దిగుతూనే అరిచింది.

"పాత బ్యాటరీకి రంగేసి కొత్తదని అంటగడతాండావా? ఒక జీవం పోయింది నీ వల్ల!"

షాపు నిండా జనం. ఆటోవాళ్ళు, పల్లెల నుంచి వచ్చిన జీపులవాళ్ళు. మస్తాన్ "మేడం, ఒక్కసారి బండి చూడనీండి" అంటున్నాడు. ఆమె వింటేనా! డాక్టరమ్మ ఊరికే అంటుందా అనుకున్నారు జనం. ఆ తరువాత పల్లెల్లో ఆ మాటే తిరిగింది. నిప్పు లేనిదే పొగ రాదని కొందరు వేరే షాపులకు మళ్ళారు.

ఒక ఉదయం కారు మళ్ళీ మొరాయిస్తే, ఎందుకో ఆమె కోప్పడలేదు. బానెట్ ఎత్తి, రైతును అడిగినట్టే నన్ను అడిగింది.

"ఎప్పటి నుంచి ఇట్లుండాది?"

"పండగ అయినప్పటి నుంచి మేడం."

"పండగనాడు కొత్తగా ఏం చేస్తిమి?"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. లైట్లు వేసి తాళం తిప్పమంది. తిప్పగానే లైట్లు కొడిగట్టిన దీపంలా కుంగాయి. మళ్ళీ తిప్పించి, ఆపించి, పశువు చెవి పట్టుకుని చూసినట్టు బ్యాటరీ బిగింపులు ఒక్కొక్కటే తాకింది. ఒకటి చల్లగా ఉంది. రెండోది కాలుతోంది.

"జ్వరం ఈడుండాది" అంది.

ఊడదీసి చూస్తే లోపల పసుపు ఎండి పెచ్చు కట్టింది. దాని చుట్టూ పచ్చగా, తెల్లగా చిలుము. కరెంటు పోవలసిన దారికి మేమే అడ్డుగోడ కట్టాం. వేడినీళ్ళతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, గట్టిగా బిగించి తిప్పితే కారు ఒక్క ఊపున లేచింది. నేను సంబరంగా ఆమె వైపు చూశాను. ఆమె మెట్టు మీద కూలబడి ఉంది. "ఆయప్పను అందరి ముందరా అంటిని గదప్పా" అంది.

"ఫోన్ చేసి చెప్పేస్తే పోలా మేడం?" అన్నాను.

"తిట్టింది ఫోన్లో కాదు గదా!"

షాపు ఖాళీగా ఉండే వేళకు వెళ్దామన్నాను. అదీ ఒప్పుకోలేదు. సరిగ్గా జనం కిటకిటలాడే వేళకే తీసుకెళ్ళమంది. అందరి మధ్యా నిలబడి, "మస్తాన్, నీ బ్యాటరీ మంచిదే. నేనే పసుపు పూసి పాడు చేసుకుంటి. నిన్ను అనరాని మాట అంటి. తప్పు నాది" అంది.   నేను నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. అంత పెద్ద డాక్టరు ఇలా చేతులు కట్టుకుని నిలబడటం నాకు తలవంపులుగా ఉంది. మస్తాన్ పెద్ద మనసుతో నవ్వేస్తాడనుకున్నాను. అతను చేతిలో పని ఆపలేదు.

"ఆ పొద్దు ఈడుండినోళ్ళు ఈ పొద్దు లేరు మేడం" అన్నాడు.

 కారెక్కాక ఆమె, "నిజమే గదప్పా" అంది.

ఇక అప్పటి నుంచి ఏ పల్లెకు వెళ్ళినా, గేదె పొదుగు పట్టుకున్నా, గొర్రెకు సూది వేస్తున్నా, ఆ కథ చెప్పేది. సంతలో చెప్పింది, టీ బంకు దగ్గర చెప్పింది. జనం పగలబడి నవ్వేవాళ్ళు. "పసుపు డాక్టరమ్మ వచ్చిందిరోయ్" అని పిల్లలు కూడా కూతవేసేవాళ్ళు. ఆమె కథ మొదలుపెట్టగానే నేను కారు దగ్గరికి జారుకునేవాణ్ణి. ఒక రోజు ఉండబట్టలేక, "ఇంగ చాలు మేడం, నగుబాటైపోతాండాము" అన్నాను.

"మనం నగుబాటైతే ఆయప్ప షాపుకు జనం వస్తారంటే, కానీలేప్పా" అంది.

వచ్చారు. చివరికి మస్తానే మా కారును ఆపి, టీ తెప్పించి, తల గోక్కుంటూ అడిగాడు: "మేడం, ఇంగ చెప్పొద్దండి. మా అత్తగారి ఊర్లో గూడా ఇదే కత చెప్పుకుంటాండారు." ఆమె నవ్వింది. కొంగుతో కళ్ళు కూడా తుడుచుకుంది. ఆమె పోయి చాలా కాలమైంది. ఆమె పెట్టిన ఆ ప్రశ్నలతోనే నేను ఈ రోజుకూ బండ్లు చూస్తాను. వాటితో అన్నం తింటున్నానంటే అబద్ధం కాదు. ఆమె నేర్పిన రెండో సంగతే నాకు పట్టుబడలేదు.

ఈ మధ్య ఒంటిమిట్టలో దర్శనం చేసుకుని యాత్రికులు ఎండలో నిలబడి ఉంటే, మా డ్రైవర్ ఓబులేసు నడిపే బండి లేవలేదు. "రాత్రంతా లైట్లు వేసుకొని పాటలు వింటా పండుకున్యావా?" అని యాత్రికుల ముందు, తోటి డ్రైవర్ల ముందు వాడిని చెడామడా తిట్టాను. ఏమీ అడగలేదు. షెడ్డుకు తెచ్చి చూస్తే ఇంజిన్ కింద ఎర్త్ వైరు తుప్పు పట్టి ఉంది. వాడి తప్పేం లేదు. ఫోన్ చేసి, "ఏమనుకోవద్దు రా" అన్నాను. "పర్వాలేదన్నా" అన్నాడు. పర్వాలేదన్న మనిషి టీ బంకు దగ్గరికి రావడం మానేశాడు. తోటివాళ్ళు వాడిని చూస్తే పాట అందుకుంటున్నారట.

రేపు పొద్దున డ్రైవర్లంతా అక్కడ చేరతారు. వాళ్ళందరి మధ్యా నిలబడి, తప్పు నాదని చెప్పాలి. నిన్న కూడా రేపు చెప్పాలనే అనుకున్నాను.